అల్సాస్ ద్రాక్షతోటల దారి: ఆగస్టులో అమ్మానాన్నలతో వెళ్తున్నాం, ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

కృష్ణా_కాలువ:
అందరికీ నమస్కారం. మేము స్టుట్‌గార్ట్‌లో ఉంటాం. ఆగస్టులో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు, వాళ్లనీ మా ఎనిమిదేళ్ల బాబునీ తీసుకుని ఫ్రాన్స్‌లోని అల్సాస్ వెళ్దామనుకుంటున్నాం. కొల్మార్‌లో బస, గురువారం సాయంత్రం చేరి సోమవారం రాత్రికి వెనక్కి వచ్చేయాలి. నెట్‌లో వెతికితే "తప్పక చూడాల్సినవి" అంటూ ఇరవై ఊళ్ల పేర్లు ఇస్తున్నారు. ఫోటోల్లో చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి, అవే రంగురంగుల చెక్క ఇళ్లు, అవే కిటికీల్లో ఎర్ర పూలు. నాన్న రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్, ఏ ఊరెళ్లినా "ఇది ఎందుకిలా ఉంది" అని అడిగే మనిషి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నడుస్తుంది గానీ మెట్లెక్కలేదు. ఇద్దరూ వైన్ ముట్టరు. నేనూ మావారూ కొంచెం తాగుతాం, అదీ శ్రద్ధగా రుచి చూద్దామనే ఆసక్తి. ఏవి వదిలేసినా పర్లేదో ధైర్యంగా చెప్పేవాళ్లు చెప్పండి ప్లీజ్.

రైన్_ఒడ్డు:
నేను స్ట్రాస్‌బూర్‌లో ఉంటాను, ఏటా వేసవిలో చుట్టాలని తిప్పే డ్యూటీ నాదే కాబట్టి గట్టిగానే చెప్తాను. ఊళ్లు లెక్కపెట్టుకోకండి. అల్సాస్ వైన్ రూట్ ఉత్తరాన మార్లెన్‌హైమ్ నుంచి దక్షిణాన టాన్ దాకా దాదాపు 170 కిలోమీటర్లు, 1953లో మొదలుపెట్టారు. ఈ దారి పొడవునా ఊళ్లు నిజంగానే ఒకదాన్ని ఒకటి పోలి ఉంటాయి. రోజుకి నాలుగు ఊళ్లు పెట్టుకుంటే మూడో ఊరికి మీ బాబు ఏడుస్తాడు, నాలుగో ఊళ్లో అమ్మగారు కారు దిగనంటారు. రెండు ఊళ్లు చాలు, వాటిలో కూర్చోండి, మిగతా టైమ్ ఆ ఊళ్లు ఎందుకిలా ఉన్నాయో చెప్పే చోట్లకి ఇవ్వండి. మీ నాన్నగారి ప్రశ్నకి జవాబు దొరికేది అక్కడే.

నా ఓటు ఎగిషైమ్‌కీ రిక్‌వీర్‌కీ. ఎగిషైమ్‌లో వీధులు కోట చుట్టూ గుండ్రంగా వలయాల్లా తిరుగుతాయి, దాదాపు చదునుగా ఉంటాయి కాబట్టి అమ్మగారికి ఇబ్బంది ఉండదు, పైగా కొల్మార్‌కి ఆనుకునే ఉంది. రిక్‌వీర్‌లో ఒకటే పెద్ద వీధి, కాస్త ఎగువకి వెళ్తుంది, చివర 1291లో కట్టిన డోల్డర్ అనే బురుజు. మీకు ఇంకో కారణం కూడా ఉంది. ఈ రిక్‌వీర్ 1324 నుంచి ఫ్రెంచ్ విప్లవం రోజుల దాకా వుర్టెంబర్గ్ ప్రభువుల ఆస్తి, అంటే మీ స్టుట్‌గార్ట్ నుంచి ఏలినవాళ్లది. వాళ్లు 1540లో కట్టుకున్న భవనం ఇప్పటికీ ఊళ్లోనే ఉంది. నాన్నగారికి ఇది చెప్పి చూడండి, అక్కణ్ణుంచి ఆయనే చూసుకుంటారు.

ఒక్క షరతు, రిక్‌వీర్‌కి పొద్దున్న తొమ్మిదికల్లా చేరాలి. వెయ్యి మంది జనాభా ఉన్న ఊరు. పదకొండు దాటాక టూర్ బస్సులు దిగితే ఆ వీధిలో కాలు పెట్టే చోటుండదు.

ఓరుగల్లు_కోట:
అన్నా, ఊళ్ల సంగతి సరే గానీ, ఓ-కోనిగ్స్‌బూర్ కోట చెప్పకపోతే ఎట్లా? పిల్లోడు ఉన్నాడు కదా. 757 మీటర్ల ఎత్తున కొండ కొమ్ము మీద ఎర్ర ఇసుకరాయి కోట, తూర్పున మైదానం మొత్తం, ఆకాశం తేటగా ఉంటే దాని అవతల బ్లాక్ ఫారెస్ట్ కూడా కనబడుతుంది. లోపల కత్తులు, కవచాలు, ఫిరంగులు, తిరిగే మెట్లు. మా పిల్లలు దిగిరామని మొండికేసిన్రు.

చిత్రశాల:
దానికి నేను ఒప్పుకోనండీ. అది 12వ శతాబ్దపు కోటే, కానీ ముప్పై ఏళ్ల యుద్ధంలో 1633లో స్వీడన్ సైన్యం ముట్టడించి తగలబెట్టింది, ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలకి పైగా శిథిలమే. మీరు చూసేది 1900 నుంచి 1908 దాకా జర్మన్ చక్రవర్తి రెండో విల్హెల్మ్ తిరిగి కట్టించింది. సగం ఆయన ఊహ. అంత దూరం కొండెక్కి, పార్కింగ్ కోసం తిరిగి, నూరేళ్ల క్రితం కట్టిన గోడలు చూడటం కంటే కొల్మార్‌లోనే నిజంగా 500 ఏళ్లనాటిది ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పకపోవడం బాధగా ఉంది.

ఓరుగల్లు_కోట:
సగం ఊహే అనుకుందాం. కానీ ఆ ఊహ ఎందుకు అవసరమైందో అడగండి. అల్సాస్ 1871లో జర్మనీ చేతికి పోయింది. ఈ నేల మాదేనని లోకానికి చూపించాలని చక్రవర్తి అంత ఖర్చు పెట్టి కట్టించిండు. 1918లో ఇదంతా తిరిగి ఫ్రాన్స్‌కి వచ్చింది, 1940లో మళ్లీ జర్మనీకి, 1945 కల్లా మళ్లీ ఫ్రాన్స్‌కి. ఒక ముసలావిడ ఇంటి గడప దాటకుండానే నాలుగుసార్లు దేశం మారింది. ఆ కోట ఆ కొట్లాటకి సాక్ష్యం. హిస్టరీ చెప్పిన మాస్టారుకి ఇంతకంటే మంచి క్లాసు ఏముంటది? అయితే ఒకటి నిజం, లోపల మెట్లు చాలా ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న అమ్మకి కష్టమే. నాన్న, బాబు, మీవారు పైకి పోతే మీరూ అమ్మా కింద సెలెస్టాలో ఉండండి. అక్కడ హ్యూమనిస్ట్ లైబ్రరీ ఉంది, బియాటస్ రెనానస్ అనే పండితుడి సొంత పుస్తకాలు, యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

చిత్రశాల:
ఆ మాట ఒప్పుకుంటాను, అలా చూస్తే కోటకీ విలువుంది. ఇప్పుడు నాది వినండి.

కొల్మార్‌లో ఉంటర్‌లిండెన్ మ్యూజియం. 13వ శతాబ్దపు కన్యాశ్రమంలో పెట్టారు. అందులో ఇసెన్‌హైమ్ చర్చి పీఠం కోసం గ్రూనెవాల్డ్ 1512 నుంచి 1516 మధ్య వేసిన చిత్రాలున్నాయి. నేను మతం దృష్టితో చెప్పట్లేదు, నేను క్రైస్తవురాలిని కాదు. శిలువ మీద ఉన్న క్రీస్తు ఒంటి నిండా చిన్న చిన్న ముళ్లు విరిగి గుచ్చుకుని ఉంటాయి, చర్మం ఆకుపచ్చగా మారింది, చేతి వేళ్లు కొక్కేల్లా వంకరపోయి విచ్చుకున్నాయి, పెదాలు నీలం. దగ్గరికెళ్లి చూస్తే కాళ్ల వేళ్ల చివర్లు కూడా కుళ్లినట్టే వేశాడు. ఎందుకలా వేశాడంటే ఇసెన్‌హైమ్‌లోది ఆంటొనైన్ సన్యాసుల మఠం, దాన్ని ఆనుకుని ఆసుపత్రి. అక్కడికి వచ్చే రోగులకి "సెయింట్ ఆంథోనీ మంట" అనే జబ్బు, ఒళ్లంతా కాలిపోతున్నట్టు నొప్పి, వేళ్లూ కాళ్లూ నల్లబడి ఊడిపోయేవి. ఆ రోగుల్ని తీసుకొచ్చి ఈ చిత్రం ముందు కూర్చోబెట్టేవారు. తన బాధే ఆయన ఒంటి మీద కనిపించిన మనిషికి ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. తలుపుల్లా తెరుచుకునే పలకలు అవి, పండగ రోజుల్లో తెరిస్తే లోపల పునరుత్థానం, మంటలాంటి నారింజ వెలుగులో మచ్చలేని ఒళ్లు. ఇప్పుడు పలకల్ని విడదీసి పెట్టారు కాబట్టి అన్నీ చుట్టూ తిరిగి చూడొచ్చు.

బాబుకి ఎనిమిదేళ్లే కాబట్టి ముందే చెప్పి తీసుకెళ్లండి, లేదంటే భయపడతాడు. మ్యూజియానికి మంగళవారం సెలవు, మీకు ఆ ఇబ్బంది లేదు.

వేపచెట్టు:
చిత్రశాల గారు చెప్పిన జబ్బుకి కారణం రై ధాన్యం కంకుల్లో పట్టే ఎర్గాట్ అనే బూజు. నేను వ్యవసాయ శాఖలో చేశాను, మన దగ్గర సజ్జలో దీని జాతి తెగులునే తేనెబంక తెగులు అంటాం. తడి ఏడాది పంటలో గింజల బదులు నల్లటి ముద్దలు వస్తాయి, అది పిండిలో కలిస్తే రక్తనాళాలు ముడుచుకుపోతాయి, రక్తం అందక వేళ్లు చస్తాయి. ఆ రోజుల్లో పేదవాడి రొట్టె రైతో చేసిందే, అందుకే జబ్బు పేదలకే ఎక్కువ వచ్చేది. ఆ బొమ్మ ఫోటోలోనే చూశాను, నేరుగా చూడాలని ఎంతో కోరిక.

తోటల గురించి కూడా ఒక మాట. పడమర నుంచి వచ్చే తడిగాలిని వోజ్ కొండలు ఆపేస్తాయి, అందుకే కొల్మార్ ఫ్రాన్స్‌లో బాగా తక్కువ వాన పడే ఊళ్లలో ఒకటి, పడమటి కనుమల చాటున మన అనంతపురం ఉన్నట్టు. పగలు ఎండ, కొండవాలు, తూర్పు ముఖం, అన్నీ కలిసి ద్రాక్షకి బాగా కుదిరాయి. మీరు వెళ్లే ఆగస్టు మధ్యలో కాయ రంగు తిరిగే సమయం. గెవుర్జ్‌ట్రామినర్ అనే రకం ద్రాక్ష గుత్తి చూడండి, ఒకే గుత్తిలో కొన్ని గింజలు ఇంకా గట్టిగా ఆకుపచ్చగా, కొన్ని గులాబీ రంగుకి తిరిగి మెత్తగా ఉంటాయి. తొక్క గులాబీ, వైన్ మాత్రం తెల్లది. బాబుకి ఇది చూపించండి. కోయకూడదని కూడా చెప్పండి, అది ఒకరి కష్టం.

కృష్ణా_కాలువ:
ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను, వుర్టెంబర్గ్ మాట దగ్గర ఆపి ఇంకోసారి చదవమన్నారు. తోటలో నడవాలంటే ఎక్కడ? అమ్మ చదునుగా ఉంటే ఒక అరగంట నడుస్తుంది. వైన్ టేస్టింగ్ ఎక్కడ, ఎలా అడగాలి?

రైన్_ఒడ్డు:
రిక్‌వీర్ నుంచి ఉనావీర్ దాకా తోటల మధ్య దారి ఉంది, రెండు కిలోమీటర్ల చిల్లర, కొంచెం ఎగుడుదిగుడు. అమ్మగారు కారులో ఉనావీర్ చేరి మీకోసం ఎదురుచూడొచ్చు. ఆ ఊళ్లో చర్చి కోటలాగా గోడ కట్టుకుని తోటల మధ్య గుట్ట మీద నిలబడి ఉంటుంది, కాథలిక్కులూ ప్రొటెస్టంట్లూ శతాబ్దాలుగా ఆ ఒక్క చర్చినే పంచుకుంటున్నారు. అదే ఊళ్లో స్టార్క్ కొంగల కేంద్రం కూడా ఉంది, మీ బాబుకి పండగే. 1970ల్లో అల్సాస్ మొత్తం మీద పది జంటలు కూడా మిగల్లేదు, ఈ కేంద్రం 1976లో మొదలై వాటిని తిరిగి నిలబెట్టింది. ఆగస్టు చివరికి చాలా కొంగలు ఆఫ్రికా వైపు ఎగిరిపోతాయి, మీరు రెండో వారంలో వస్తే ఇంకా ఉంటాయి. గూట్లో తల వెనక్కి వాల్చి ముక్కు టకటకా కొట్టుకుంటాయి, గొంతుతో కూయవు.

టేస్టింగ్‌కి పెద్ద షోరూముల కంటే ఇంటివాళ్లే నడిపే చిన్న తోటల దగ్గరికి వెళ్లండి. మెయిల్ పెట్టి టైమ్ అడిగితే మంచిది, ఆగస్టులో వాళ్లూ కోతలకి సిద్ధమవుతూ ఉంటారు. పొడి వైన్ (అంటే తీపి లేనిది) నుంచి తీపి వైన్ వైపు వెళ్లాలి: ముందు సిల్వానర్ లేదా పినో బ్లాంక్, తర్వాత రీస్లింగ్, పినో గ్రి, చివర గెవుర్జ్‌ట్రామినర్. తీపి ముందు తాగితే రీస్లింగ్ పులుపులా అనిపిస్తుంది. లేబుల్ మీద సెక్ అని ఉంటే పొడి, మోయెలో అని ఉంటే తీపి. ఉమ్మే పాత్ర ఉంటుంది, దాన్ని వాడటంలో మర్యాద తక్కువేం లేదు. బాగా నచ్చితే ఒకట్రెండు సీసాలు కొనడం పద్ధతి. పెద్దవాళ్లకి, బాబుకి ద్రాక్షరసం ఉందా అని అడగండి, చాలాచోట్ల వాళ్ల తోటదే సీసాల్లో ఉంటుంది. కారు నడిపేవాళ్లు మాత్రం తాగొద్దు, ఇక్కడ హద్దు లీటరు రక్తానికి 0.5 గ్రాములు.

పల్లె_వెలుగు:
ఎండ సంగతి ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు. యూరప్ కదా చల్లగా ఉంటుందనుకుంటారు, కొల్మార్‌లో ఆగస్టులో ఒక్కోసారి 35 డిగ్రీలు కూడా దాటుతుంది, పాత హోటళ్లలో ఏసీ ఉండదు. బుక్ చేసేముందు ఏసీ ఉందో లేదో ఖచ్చితంగా అడగండి. ఊళ్లు పొద్దున్న, మ్యూజియం మధ్యాహ్నం, మళ్లీ సాయంత్రం బయటికి, ఇదే వరస పెట్టుకోండి. ఒక మధ్యాహ్నం వేడి మరీ ఎక్కువగా ఉంటే కారు తీసి రూట్ డె క్రేట్ అనే కొండదారి ఎక్కండి, గ్రాండ్ బలాన్ శిఖరం 1,424 మీటర్లు, పైన గాలికి చలేస్తుంది. కార్లోంచే చూడొచ్చు కాబట్టి అమ్మగారికీ హాయి. ఆ దారి మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం సరఫరాల కోసం వేసింది.

తిండి: రెస్టారెంట్లలో మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడుకే. పెద్దవాళ్లు శాకాహారమైతే తార్త్ ఫ్లాంబే అడగండి, పల్చటి రొట్టె మీద మీగడ, ఉల్లిపాయ వేసి కాలుస్తారు, కానీ మామూలుగా పంది మాంసం ముక్కలు చల్లే ఇస్తారు. "సాన్ లార్డోన్" అని ముందే చెప్పాలి. పుట్టగొడుగులది కూడా ఉంటుంది. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, ఆగస్టు 15న ఫ్రాన్స్‌లోనూ సెలవే, పెరుగూ పళ్లూ ముందే కొని పెట్టుకోండి.

హడ్సన్_తెలుగు:
న్యూజెర్సీ నుంచి. మాకు రోజూ కనిపించే లిబర్టీ విగ్రహాన్ని రూపొందించిన బార్తోల్డి పుట్టిందీ కొల్మార్‌లోనే, 1834లో. ఆయన పుట్టిన ఇల్లే మ్యూజియం. ఊరి ఉత్తరం వైపు రోడ్డు మధ్యలో 12 మీటర్ల నకలు విగ్రహం కూడా పెట్టారు, దానికోసం ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు, కారులో ఎలాగూ కనిపిస్తుంది. మ్యూజియం మాత్రం నాకు చాలా నచ్చింది. అంత పెద్ద విగ్రహాన్ని చిన్న నమూనా నుంచి ఎలా పెంచుకుంటూ పోయారో అక్కడ అర్థమైంది.

కొల్మార్‌లో లిటిల్ వెనిస్ అనే కాలువల పేటలో తిప్పే పడవ విషయం: అరగంట లోపే అయిపోతుంది, క్యూ దానికంటే ఎక్కువ. వంతెన మీద నుంచి చూస్తే సరిపోతుంది.

చిత్రశాల:
పడవ వదిలేయమన్న మాటకి పూర్తి మద్దతు. ఆ క్యూలో నిలబడే టైమ్‌లో డొమినికన్ చర్చిలో షోన్‌గావర్ 1473లో వేసిన గులాబీ పొదల మేరీమాతని చూడండి. అమ్మగారు అక్కడ చల్లగా కూర్చోవచ్చు కూడా.

ఓరుగల్లు_కోట:
మాస్టారు కోసం ఇంకో మాట, ఇది నా మనసులో ఉండిపోయింది కాబట్టి రాస్తున్నా. రిక్‌వీర్ పక్కనే బెన్‌వీర్, మిట్టెల్‌వీర్, సిగోల్‌షైమ్ అనే ఊళ్లున్నయ్. ఏ లిస్టులోనూ ఉండవు, ఎందుకంటే అందంగా ఉండవు. చెక్క ఇళ్లు లేవు, అన్నీ 1950ల ఇళ్లు. 1944 డిసెంబరులో కొల్మార్ చుట్టూ జరిగిన పోరులో ఈ ఊళ్లు దాదాపు నేలమట్టం అయినయ్. రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న రిక్‌వీర్ మాత్రం బయటపడింది. రిక్‌వీర్ ఎందుకు అంత పాతగా, అంత అందంగా ఉంది అంటే, పక్క ఊరు చూస్తే గానీ తెల్వదు. సిగోల్‌షైమ్ పైన తోటల నడుమ గుట్ట మీద సైనికుల శ్మశానం ఉంది, ఫ్రెంచ్ సైన్యంలో పోరాడిన దాదాపు 1,600 మంది, వాళ్లలో చాలామంది ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. శిలువలు ఒకవైపు, ముస్లిం సైనికుల రాళ్లు ఇంకోవైపు, చుట్టూ ద్రాక్ష. పైదాకా కారు పోతది, ఆఖర్న కొన్ని మెట్లు.

అల్సాస్, దాని పక్కనే ఉన్న మోజెల్ ప్రాంతపు కుర్రాళ్లని లక్షా ముప్పై వేల మందిని 1942 నుంచి బలవంతంగా జర్మన్ సైన్యంలో చేర్చిన్రు, చాలామందిని రష్యా వైపు పంపిన్రు. మీరు వైన్ రుచి చూడబోయే ఇళ్లలో చాలా ఇళ్లకి ఆ కథ ఉంటది. అడగొద్దు గానీ తెలిసి వెళ్తే ఊరు వేరేలా కనిపిస్తది.

కృష్ణా_కాలువ:
ఇది చదివాక మా ప్లాన్ మారిపోయిందండీ. కైజర్స్‌బర్గ్, రిబోవిలే, ఒబెర్నై లిస్టులోంచి తీసేస్తున్నా. స్ట్రాస్‌బూర్ కూడా వదిలేయాలా? అదొక్కటే మనసొప్పట్లేదు.

రైన్_ఒడ్డు:
వద్దు, వెళ్లేటప్పుడే దిగండి. స్టుట్‌గార్ట్ నుంచి రైలైతే గంటన్నర లోపే, అక్కణ్ణుంచి కొల్మార్‌కి లోకల్ రైలు అరగంట. మీరు కారు అద్దెకి తీసుకునేది కొల్మార్‌లోనే పెట్టుకోవచ్చు. గురువారం మధ్యాహ్నానికే చేరేలా సెలవు పెట్టగలిగితే రెండే రెండు చూడండి. ఒకటి కెథెడ్రల్. 142 మీటర్ల శిఖరం, 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో అంత ఎత్తైన కట్టడం ఇంకోటి లేదు. పైకి ఎక్కక్కర్లేదు, ముందు ద్వారం దగ్గర గులాబీ రంగు రాయిని తాళ్లలా చెక్కారు, అక్కడే మెడ నొప్పెట్టేదాకా చూడొచ్చు. లోపల ఖగోళ గడియారం.

రెండోది పర్యాటకులు అంతగా వెళ్లనిది, మీది వైన్ ప్రయాణం కాబట్టి చెప్తున్నా: సివిల్ హాస్పిటల్ కింద ఉన్న నేలమాళిగ. 1395 నుంచి ఉంది. రోగులు, దాతలు ఇచ్చిన ద్రాక్షతోటల మీద ఆ ఆసుపత్రి నడిచేది, వైన్‌ని మందుగా కూడా ఇచ్చేవారు. వరసగా పెద్దపెద్ద పీపాలు, అన్నిటి చివర ఇనుప కటకటాల వెనక 1472 నాటి తెల్ల వైన్ పీపా. ఐదు శతాబ్దాలకి పైగా దాన్ని బయటికి తీసి ఇచ్చింది మూడే సార్లు: 1576లో జూరిక్ నుంచి పడవలో వచ్చిన స్నేహితులకి, కాలిపోయిన ఆసుపత్రిని 1718లో తిరిగి కట్టడం మొదలుపెట్టినప్పుడు, 1944లో నగరాన్ని విడిపించిన జనరల్ లెక్లెర్క్‌కి. ప్రవేశం ఉచితం. ఆదివారం మూసి ఉంటుంది.

వేపచెట్టు:
కైజర్స్‌బర్గ్ తీసేశారని కొంచెం బాధేసింది. ఆల్బర్ట్ ష్వైట్జర్ పుట్టింది అక్కడే, 1875లో. ఆఫ్రికాలో గాబోన్‌లో ఆసుపత్రి పెట్టిన డాక్టరు, 1952 నోబెల్ శాంతి బహుమతి ఆయనకే, మన భారతీయ తత్వచింతన మీద కూడా పుస్తకం రాశారు. రిక్‌వీర్ నుంచి కారులో పావుగంట. నాన్నగారికి ఆయన పేరు తెలిసే ఉంటుంది, ఒకసారి అడిగి చూడండి.

కృష్ణా_కాలువ:
అడిగాను. ష్వైట్జర్ పేరు చెప్పగానే "అది కుదరకపోతే కోట మానేద్దాం" అన్నారు. మరి కోట మీద బాబు ఆశ పెట్టుకున్నాడు. శనివారం ఇద్దరికీ సరిపడేలా ఏదైనా దారుందా?

ఓరుగల్లు_కోట:
ఉంది. శనివారం పొద్దున్న కోట తెరిచే టైమ్‌కే పైన ఉండండి, అప్పుడు పార్కింగ్ దొరుకుతది. పదకొండున్నరకి దిగి సెలెస్టాలో భోజనం, అమ్మని అక్కడే కలుసుకోండి. మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా హోటల్లో పడుకోండి. సాయంత్రం ఐదుకి కైజర్స్‌బర్గ్ పొండి, అప్పటికి టూర్ బస్సులు వెళ్లిపోతయ్, 1514 నాటి రాతి వంతెన మీద నిలబడి నది చూడొచ్చు. ష్వైట్జర్ మ్యూజియం అప్పటికి మూసేయొచ్చు కాబట్టి టైమింగ్స్ ముందే చూసుకోండి, మాస్టారు లోపలికి పోవాలంటే ఆదివారం పొద్దున్న రిక్‌వీర్, తర్వాత కైజర్స్‌బర్గ్ పెట్టండి. సిగోల్‌షైమ్ శ్మశానం ఆ దారిలోనే వస్తది.

పల్లె_వెలుగు:
కారు సీటు బాబుకి తప్పనిసరి, ఫ్రాన్స్‌లో పదేళ్లలోపు పిల్లలకి బూస్టర్ ఉండాలి. అద్దె కారు వాళ్లని ముందే అడిగి రాయించుకోండి, అక్కడికి వెళ్లాక లేవంటే శనివారం సాయంత్రం దుకాణాల కోసం పరిగెత్తాలి.